ఆ మెరక మీద నూటయాభై

మొదటే చెప్పేస్తున్నాను. ఆ రోజు నేను చేసింది తప్పని మా పాత యజమాని ఇప్పటికీ అంటుంటాడట. అననీ. ఆ రోజు మళ్ళీ వస్తే మళ్ళీ అదే చేస్తాను. కాకపోతే ఈసారి ఇంకొంచెం ముందే మొదలుపెడతాను.

తిరుపతిలో ఒక కార్ల షోరూములో అమ్మకాల మనిషిగా నా ఉద్యోగమంతా గడిచింది. పుట్టింది మాత్రం చిత్తూరు బజారులో, అంగళ్ళ మధ్య. మా నాయనది చిల్లర సామాన్ల అంగడి. ఎడమపక్క గుడ్డల కొట్టు, కుడిపక్క ఇత్తడి పాత్రలు, ఎదురుగా బెల్లం మండీ. ఆ వీధిలో పిల్లలకు నడక కంటే ముందు బేరం వస్తుంది. మా అమ్మ నాలుగు ముద్దలు తినమంటే రెండుకు దించి, మూడుకు ఒప్పుకునేవాడినట. నా పెళ్ళికి ముహూర్తం తెల్లవారుజామున పెడితే, కాస్త పొద్దెక్కాక పెట్టమని పంతులుతో బేరమాడి ఓడిపోయాను. ఇలాంటివాడికి అమ్మడం ఎవరూ నేర్పనక్కరలేదు. కారు సంగతి మాత్రం నాకు ఏమీ తెలియదు. రంగు తెలుసు, ధర తెలుసు, మైలేజీ తెలుసు, బండి ఎప్పుడు చేతికొస్తుందో తెలుసు. బానెట్ ఎత్తితే లోపల ఉన్నది నాకు కొత్త ఊరే.

షోరూముల్లో కొత్తగా చేరుతున్న పిల్లలూ, మీకూ ఇది అనుభవమయ్యే ఉంటుంది. యాత్రికుల బస్సుల మధ్య నలభై కూడా పోలేని మన ఊళ్ళో, చిన్న కారు కొనడానికి వచ్చిన ప్రతి మనిషీ అడిగే మాట ఒకటే. ఎంత పోతాది? అంత వేగం అతను జీవితంలో ఒక్కసారి కూడా పోడు. అయినా అది ఉండాలి, బీరువాలో కట్టని పట్టుచీర ఉండాల్సినట్టు. నేను పుస్తకంలో అచ్చువేసిన నూట అరవై చెప్పి, "అది కంపెనీ భయపడి వేసిన అంకె సార్" అని నా వంతు కలిపేవాణ్ణి. అందుకు సిగ్గుపడటం లేదు. మా అంగట్లో కందిపప్పు కూడా ఊరికే అమ్ముడుపోలేదు.

మన దగ్గర ఇంకో పద్ధతి ఉంది. ట్రయల్‌కు కొనేవాడు ఒక్కడే రాడు. తల్లి వస్తుంది, భార్య వస్తుంది, బావమరిది తప్పకుండా వస్తాడు, దారిలో కనబడిన పిన్నమ్మను కూడా ఎక్కించుకొస్తారు. అందరూ ఎక్కుతారు. ఎక్కినవాళ్ళను దించకూడదనేది మా షోరూము కట్టుబాటు. దిగిన మనిషి ఇంటికెళ్ళి ఆ కారు బాగలేదంటాడు, అమ్మకం అక్కడితో సరి. ఈ సూత్రం కనిపెట్టింది నేనే అని చాలా ఏళ్ళు గొప్పలు చెప్పుకున్నాను. యజమాని దాన్ని చట్టం చేశాడు.

ట్రయల్ బండి తోలే డ్రైవరు నగరి మనిషి. పవర్‌లూమ్ షెడ్లో నూలు దుమ్ము పీల్చి పీల్చి ఛాతీ పాడుచేసుకుని, డాక్టరు వద్దన్నాక స్టీరింగు పట్టాడు. తమిళం కలిసిన తెలుగు, తక్కువ మాట. ఆదివారం చర్చికి పోవడానికి పూట సెలవు తప్ప ఎన్నడూ ఏమీ అడగలేదు. లైసెన్సు పోతే అతనికి తెలిసిన పని ఇంకొకటే, ఆ దుమ్ములోకి తిరిగిపోవడం.

ఒకనాడు మామిడితోటల ఆసామి ఒకాయన ఇంటిల్లిపాదితో వచ్చాడు. మాట పట్టింపు గల పెద్దమనిషి. చిన్న కారు తన తల్లికోసం కొంటున్నాడు. అది మెరక లాగుతుందా లేదా చూడాలన్నాడు. డ్రైవరు పక్కన ఆయన, వెనక తల్లి, భార్య, పిన్నమ్మ, బావమరిది. వెనక సీట్లో నలుగురు ఇరుక్కుంటుంటే నేనే తలుపు నెట్టి మూశాను. చంద్రగిరి దాటాక రోడ్డు ఒక ఊరి మలుపు తిరిగి పొడుగ్గా ఎత్తు ఎక్కుతుంది. ఆ ఎత్తు చివర గొర్రెల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. డ్రైవరు పక్కకు తిప్పాడు, బండి డివైడరుకు కొట్టుకుంది. ప్రాణాలకేం కాలేదు. ఆ పెద్దామె మణికట్టు విరిగింది.

కట్టు కట్టించి ఆయన నేరుగా షోరూముకొచ్చాడు. డ్రైవరు నూటయాభైలో తోలాడన్నాడు. ముల్లు చూశానని బావమరిది అన్నాడు. ఇంజను అరుపుకు చెవులు పడిపోయాయని పిన్నమ్మ అన్నదట. డ్రైవరు మాత్రం ఎనభై దాటలేదన్నాడు. ఆసామి లైసెన్సు రద్దు చేయమని రవాణా ఆఫీసులో అర్జీ ఇచ్చాడు. అక్కడివాళ్ళు ముందు మీలో మీరు ఒక మాటకు రండి, రాకపోతే అప్పుడు చూస్తామన్నారు.

మా యజమాని నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"బండిలో ఎంతమంది ఉండారు?"

ఆరుగురు అన్నాను.

"ఐదుమంది. ఎవురడిగినా ఐదుమందే. ఆరు అన్నామంటే ఇన్సూరెన్సు రాదు, పేరు పోతాది. వాడు నూటయాభై తోలినాడు, అంతే. రెండు మాటలు ల్యా."

నాకు అర్థమైంది. వేగం ఎక్కువైతే తప్పు డ్రైవరుది. మనుషులు ఎక్కువైతే తప్పు షోరూముది. ఇంత చక్కని బేరాన్ని మా బజారులో కూడా చూడలేదు.

ఎన్నిసార్లు కూర్చున్నా ఒక మాట కుదరక, అయితే కాణిపాకంలో తేల్చుకుందాం అన్నాడు ఆసామి. మన చిత్తూరు వైపు వాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు. తగాదా తెగనప్పుడు కోనేట్లో మునిగి, తడిబట్టలతో వినాయకుడి ముందు ప్రమాణం చేస్తారు. అక్కడ అబద్ధం ఆడినవాడు బాగుపడడని నమ్మకం. డ్రైవరు ప్రమాణం చేస్తే అర్జీ వెనక్కు తీసుకుంటానన్నాడు ఆసామి, చేయకపోతే నూటయాభై అని తానే ప్రమాణం చేస్తానన్నాడు. న్యాయమైన మాటే. యజమాని వెంటనే ఒప్పుకున్నాడు. డ్రైవరు ఒప్పుకోలేదు.

"నేను వస్తా సార్, నిలబడతా. ఒట్టు మాత్రం పెట్టను. ఆ సామి అంటే మర్యాద లేక కాదు. మా ఇంట్లో ఏ దేవుని ముందరా ఒట్టు పెట్టం. మా చర్చిలో కూడా పెట్టను. అవునంటే అవును, కాదంటే కాదు, అంతే."

"ఒట్టు పెట్టనోడే తప్పు చేసినోడు" అని యజమాని తేల్చేశాడు. గదిలో ఉన్నవాళ్ళంతా తల ఊపారు. నా తల కూడా అలవాటు కొద్దీ సగం ఊగింది.

ఆ పూట వర్క్‌షాపు ఇన్‌చార్జి దగ్గరికి వెళ్ళాను. ఆయనది పులికాట్ ఒడ్డున పడవల ఊరు. ఇంజను సంగతి ఎంత తెలుసో, యజమాని కోపం సంగతీ అంతే తెలిసినవాడు. టీ తాగిద్దామని పిలిచాను. ఆయన తన పేరు బయటికి రాకూడదన్నాడు. మాట ఇచ్చాను, ఇప్పుడు కూడా చెప్పడం లేదు. ఆ మెరక మీద ఆ కారు నూటయాభై పోతుందా అని అడిగాను.

"ఇంజనుకు ఉండే బలం పిడికెడప్పా. ఆ పిడికెడును ఎవురెవురు తింటారనేదే లెక్క. చదును మీద గాలి తింటాది. మెరక మీద బరువు తింటాది. తినంగా మిగిలిందే నీ వేగం."

మిగతాది టీ చల్లారేలోగా రాబట్టాను. ఎదురుగాలిలో పడవ లాగినవాడికి గాలి బరువు తెలుస్తుందట. కారు వేగం రెండింతలు చేస్తే గాలి అడ్డం రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. మా అంగడి భాషలో చెప్పాలంటే, మొదటి ఎనభై చౌకగా వస్తుంది, ఆ తర్వాత ఒక్కో పదికీ ముందటి పదికంటే ఎక్కువ ఇచ్చుకోవాలి, చివరికి చేతిలో ఏమీ మిగలదు. అదే ఆ కారు గరిష్ఠ వేగం. ఇంత తెలివైన అంగడిదారు గాలి అని నాకు అంతదాకా తెలియదు.

మరి పుస్తకంలో నూట అరవై? అది చదునైన దారి మీద, ఒకరో ఇద్దరో కూర్చుని, ఏసీ ఆపి, చాలా దూరం పరుగు తీయించి పట్టిన అంకెట. మీటరు మీద రెండు వందల దాకా గీతలుండటం మర్యాద కోసం. చదును మీద ఇద్దరు ఎక్కువ ఎక్కినా చివరి వేగం పెద్దగా తగ్గదు, అక్కడ పెత్తనం గాలిది. మెరకలో అలా కాదు, ఒక్కో మనిషినీ ఇంజను మోసుకుని పైకెక్కాలి. ఐదో గేరు పరుగు కోసం కాదు, పెట్రోలు మిగల్చడానికి. మెరక ఎక్కేటప్పుడు అందులో ఉంచితే బండి నీరసపడుతుంది. మూడోదానికి దిగాలి. మూడులో ఇంజను గిర్రున తిరిగి గొంతు చించుకుంటుంది గానీ చక్రాలు అంత తిరగవు.

ఆ ఆఖరి మాట దగ్గర నా టీ గ్లాసు ఆగిపోయింది. ఇన్నేళ్ళు కార్లు అమ్మి, అరుపు వేరు పరుగు వేరు అని ఆ పూట నేర్చుకున్నాను. నా గురించి మాత్రం ఇంట్లో ఇది ఎప్పుడో కనిపెట్టారు.

మరునాడు పొద్దున్నే ఆసామి ఇంటికి వెళ్ళాను. నేను మామూలుగా మొదట పొగుడుతాను, తర్వాత దించుతాను, ఆఖర్న సగంలో కలుసుకుంటాను. ఆ రోజు నూటయాభైకీ ఎనభైకీ సగంలో కలిస్తే డ్రైవరు లైసెన్సు పోతుంది. కాబట్టి బేరం కట్టిపెట్టాను. డ్రైవరు ప్రమాణం చేయడు, మీరు మాత్రం చేస్తానన్నారు కదా, చేయండి అన్నాను.

"మీరు ఒట్టేస్తే నేను నమ్ముతా అన్నా, ఊరంతా నమ్ముతాది. అందుకే అడగతా ఉండా. కాణిపాకంలో నిలబడి నూటయాభై అని చెప్పే ముందర, ఒక్కసారి అదే మెరక, అదే కారు, అదే మనుషులు. మీరే తోలండి. నూటయాభై పట్టించండి. పట్టినాదంటే నేనే వాని లైసెన్సు తీసకపోయి ఆఫీసులో ఇస్తా."

 నా మాట మీద కోపం, ప్రమాణం మీద భయం, రెండూ ఆయన మొహంలో కనబడ్డాయి. లోపలి నుంచి తల్లి వచ్చింది. చెయ్యి కట్టులో ఉంది.

"పొయ్యేది ఆ దోవనే గదరా. ఎక్కి సూస్తే ఏం పోయింది? తెలవకుండా సామి ముందర నోరు యాల జారల్ల?"

యజమానికి చెప్పకుండా దాచలేదు. చెప్పే వెళ్ళాను. మనం అమ్మే కారు పోదని కొనేవాడి ముందు నువ్వే చూపిస్తావా, అదీ ఆరుమందిని ఎక్కించి, మతి ఉందా అన్నాడు. ఉంది అన్నాను. పోతే మళ్ళీ ఇటు రావద్దన్నాడు. సరే అని, వర్క్‌షాపులో బాగుచేసి పెట్టిన ఆ బండి తాళం చెవి తీసుకున్నాను. ఆరుగురిని ఎక్కించడం తప్పే. కానీ ఆ తప్పు ఆ రోజూ జరిగింది, దాన్ని దాచిపెట్టి డ్రైవరును బలిచ్చే ముందు ఇంకోసారి పగలు అందరూ చూస్తుండగా జరగనీ అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటాను.

ఆసామి స్టీరింగు పట్టాడు. డ్రైవరు బరువు లెక్క సరిపోవడానికి ఆయన పక్క సీట్లో నేను కూర్చున్నాను. డ్రైవరుకంటే నేను బరువని, ఆ తేడాకు ఏసీ ఆపమని అడిగాను. ఆ రోజు ఏసీ ఉండిందని బావమరిది ఒప్పుకోలేదు. ఆ ఇంట్లో బేరం తెలిసినవాడు అతనే. వెనక మా యజమాని తన పెద్ద కారులో, పక్కన డ్రైవరును కూర్చోబెట్టుకుని వస్తున్నాడు. అందరం కాణిపాకానికే, ప్రమాణానికే బయలుదేరాం.

చంద్రగిరి దాటి ఊరి మలుపు దగ్గరికొచ్చాం. మలుపులో బండి మెల్లబడింది, పడక తప్పదు. అక్కడి నుంచి మెరక మొదలు. రోడ్డు ఖాళీగా ఉంది. ఆసామి ఐదో గేరులోనే ఉంచి కాలు నేలకు తొక్కాడు. ముల్లు కదలలేదు, పైగా ఒక గీత దిగింది. నాలుగుకు వచ్చాడు. పెద్ద తేడా లేదు. పళ్ళు బిగించి మూడుకు దించాడు.

అప్పుడు అరిచింది కారు. వీపు కింద సీటు దద్దరిల్లింది. పిన్నమ్మ నా భుజం పట్టుకుంది. నేను మీటరు వైపు చూశాను. డెబ్భై. డెబ్భై అయిదు. కాలు ఇంకా నేలకే ఉంది. ఎనభై దాటింది. ఆ మీదట ఒక్కో అంకె ఎక్కడానికి కారు పడిన కష్టం నా ఒళ్ళంతా తెలిసింది. గొర్రెలు అడ్డం వచ్చిన చోటు గీసుకుపోయిన డివైడరుతో కనబడింది. అది దాటేసరికి ముల్లు తొంభై కిందే ఉంది.

ఆసామి బండి పక్కకు తీసి ఆపాడు. స్టీరింగు మీదినుంచి చేతులు తీయలేదు.

వెనక నుంచి తల్లి అన్నది. "ఆ పొద్దు గూడా ఇట్నే అరిసిందిరా. ఇంతే. ఇంతకంటే ఏం ల్యా."

నేను బావమరిది వైపు తిరిగి, ఆ రోజు ఏ ముల్లు చూశావో చూపించమని మెల్లగా అడిగాను. అతను ముందుకు వంగి వేలు చాపాడు. అది ఎడమవైపు ముల్లు, ఇంజను తిరుగుళ్ళు చూపేది. వెనక సీటు మధ్యలోంచి అంకెలు కనబడవు, ముల్లు నిక్కి నిలబడటం మాత్రమే కనబడుతుంది. అరుపు విని, ముల్లు చూసి, అతను తనకు తెలిసిన పెద్ద అంకె చెప్పాడు. అబద్ధం ఆడలేదు. కాణిపాకంలో తడిబట్టలతో కూడా అదే చెప్పి ఉండేవాడు.

వెనక పెద్ద కారు వచ్చి ఆగింది. డ్రైవరు దిగి దూరంగా నిలబడ్డాడు. ఆసామి అతని దగ్గరికి నడిచాడు.

"నువ్వు ఎనబై అన్న్యావు గదా."

"అవును సార్."

"నేను దానికంటే ఎక్కువే తోలినా. కాలు నేలకు తొక్కి తోలినా." కాసేపు రోడ్డు వైపు చూసి, "అర్జీ రేప్పొద్దున వాపసు తీస్కుంటా" అన్నాడు.

తర్వాత మా యజమాని వైపు తిరిగి, "ఆ పొద్దు ఆరుమంది ఉన్నాం. ఎక్కించింది మీరే" అన్నాడు. అంతే. గొంతు పెంచలేదు. మా యజమాని నా వైపు చూసిన చూపు మాత్రం పెంచిన గొంతుకంటే ఎక్కువే.

ఒట్టు పని అయిపోయింది. ఇంత దూరం వచ్చాం గదా, దండం పెట్టుకుని పోదామన్నది పెద్దామె. కారు దగ్గరికొచ్చి, ముందు తలుపు తెరిచి, కట్టు ఉన్న చేత్తోనే డ్రైవరుకు సీటు చూపించింది.

"నువ్వు తోలు నాయనా."

డ్రైవరు కదలలేదు. యజమాని పక్కనే ఉన్నాడు, కట్టుబాటు ఉంది, ఉద్యోగం ఇంకా ఆ మనిషి చేతిలోనే ఉంది. అతను కారు లోపలికి తొంగి చూసి, వెనక ఉన్నవాళ్ళను లెక్కపెట్టుకున్నాడు.

"ఐదుమందైతే తోల్తా అమ్మా. ఒకరు దిగల్ల."

అంతమంది ముందు, నా సూత్రాన్ని, మా యజమాని చట్టాన్ని, ఆ తక్కువ మాటల మనిషి ఒక్క మాటతో తీసి అవతల పడేశాడు.  బావమరిది సణుగుతూ దిగాడు. నా చోటు ఆసామికి వచ్చింది కాబట్టి నాకూ ఆ కారులో చోటు లేదు. ఇద్దరం వెళ్ళి పెద్ద కారులో కూర్చున్నాం, అతను వెనక, నేను యజమాని పక్కన.

దారి పొడుగునా యజమాని మాట్లాడాడు. కంపెనీ సరుకును కొనేవాడి ముందు తక్కువ చేసినందుకు, షోరూము గుట్టు రోడ్డు మీద పెట్టినందుకు, తప్పయిందని ఒక్క మాట అంటే మర్చిపోతానన్నాడు. రిటైరు కావడానికి నాకు ఎంతో కాలం లేదని గుర్తుచేశాడు. ఆ మాటకు నేనివ్వాల్సింది పెద్దదేమీ కాదు, నోటి మాటే. నా జీవితంలో నాకు దొరికిన అన్నిటికంటే చౌక బేరం అది.

"ఆ కారు మెరకలో తొంబై దాటదు సార్, ఆరుమందితో. ఎవురడిగినా అదే చెప్తా" అన్నాను.

చంద్రగిరి దాటి ఆ పెద్ద కారు ఎక్కినప్పుడు నేను సీనియర్ సేల్స్ మేనేజర్‌ను. కాణిపాకంలో దిగేసరికి కాను. డ్రైవరు జోలికి మాత్రం యజమాని పోలేదు, పోతే ఆసామి ఊరుకోడని తెలుసు.

గుడి ముందు ఆ చిన్న కారు మాకంటే ముందే ఆగి ఉంది. పెద్దామె కొడుకు చెయ్యి పట్టుకుని లోపలికి పోతోంది. డ్రైవరు బండి నీడలో నిలబడి, చొక్కా జేబులోంచి లైసెన్సు తీసి ఒకసారి చూసుకుని, మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. నన్ను చూసి ఏమైందని కళ్ళతో అడిగాడు. ఏమీ లేదన్నాను. చెప్పులు అతని దగ్గర విడిచి, దండం పెట్టుకోవడానికి లోపలికి వెళ్ళాను.